పది నంబరు సాకెట్

సాయంత్రం నాలుగింటికి డ్యూటీ దిగే ముందు అతను పనిముట్ల డబ్బా తెరిచి లెక్కపెట్టుకున్నాడు. కింది అరలో ఒక గుంట ఖాళీగా ఉంది. పది నంబరు సాకెట్. నట్లు బిగించే, బొటనవేలంత వస్తువు.

మళ్లీ లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెడితే ఖాళీ గుంట నిండుతుందా?

ఇరవై ఏళ్లు సైన్యంలో హెలికాప్టర్లకు చాకిరీ చేసి వచ్చినవాడు. విమానాలు బాగుచేసే ఈ షెడ్డులో చేరి ఆరు నెలలైంది. ప్రొబేషన్‌కి ఇవాళే ఆఖరు రోజు. పర్మనెంట్ చేసే కాగితం ఇన్‌ఛార్జి బల్ల మీద సంతకం కోసం పడి ఉంది. ఇది పోతే ఈ వయసులో, ఈ మోకాళ్లతో, ఇంకెవరూ తీసుకోరని అతనికి తెలుసు. పొద్దుట్నుంచీ తను పనిచేసిన విమానం ఆరున్నరకు ఎగరాలనీ తెలుసు. పని చేసింది తోకను తిప్పే కడ్డీల పక్కన. సాకెట్ అక్కడ పడి ఉంటే, గాల్లో కడ్డీ ఇరుక్కుంటుంది.

నడుం పట్టుకుని లేచి ఇన్‌ఛార్జి గదికి వెళ్లాడు.

"సార్, ఒక సాకెట్ కనపడట్లేదు."

ఇన్‌ఛార్జి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవాళ వాడారా దాన్ని?"

"వాడినట్టు గుర్తులేదు. వాడలేదనీ గట్టిగా చెప్పలేను."

ఇన్‌ఛార్జి ఒక్క నిట్టూర్పు విడిచి ఫోనందుకున్నాడు. విమానం ఆగిపోయింది.

పొద్దున మూసిన రేకులన్నీ మళ్లీ విప్పారు. "మిలిటరీ అన్నా," అన్నాడు తోటి మెకానిక్, తోకలోకి టార్చి కొడుతూ. "రేపు కొత్తది కొనుక్కుని నోరు మూసుకోవాల్సింది."

"నువ్వెక్కుతావా ఈ విమానం?"

తోటివాడు సందుల్లోకి చూసే అద్దం అందుకున్నాడు.

గంటన్నర వెతికారు. దుమ్ము దొరికింది. అతను ఇంటికి ఫోన్ చేశాడు.

"ఆలస్యమవుతుంది. నువ్వు తినేసేయ్."

"గొంతేంటి అలా ఉంది?" అంది భార్య.

"సాకెట్ పోయింది. పది నంబరు. విమానం ఆపేశారు."



"ఏమండీ... కుర్చీ కాలు ఊగుతోందని నెల్రోజుల్నుంచి మొత్తుకుంటున్నానా? మీరు వింటేగా. నిన్న మీ డబ్బాలోంచి ఆ సాకెట్ తీసి నేనే బిగించా. అది ఫ్రిజ్ మీదుంది."

అతను అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

"కోపమొచ్చిందా?"

"కుర్చీ ఊగట్లేదుగా?"

"ఊగట్లేదు."

"సరే. దాని మీద చెక్కిన నా నంబరు కనపడేలా ఫొటో పంపు, ఇక్కడ చూపించాలి."

ఫొటో వచ్చింది. రేకులు బిగించారు. "పిల్లని ఇంట్లో పడుకోబెట్టి, ఊరంతా వెతికించావు కదన్నా," అన్నాడు తోటివాడు. విమానం గంట ఆలస్యంగా వెళ్లింది.

"పొద్దున డబ్బా లెక్కపెట్టలేదా?" అని అడిగాడు ఇన్‌ఛార్జి.

పెట్టలేదు. సైన్యంలో పనిముట్లు ఇంటికి రావు. పొద్దున్నే స్టోరువాడు లెక్కపెట్టి, సంతకం పెట్టి చేతికిచ్చేవాడు. సాయంత్రం తను లెక్కపెట్టి అప్పగించేవాడు. ఇరవై ఏళ్లలో అతనికి ఒంటబట్టింది ఆ సాయంత్రపు సగమే. ఇక్కడ డబ్బా సొంతం కాబట్టి స్టోరువాడూ తనే. ఆ మాట ఎవరూ చెప్పలేదు. అది చెప్పాల్సిన మాట అని ఎవరికీ తోచి ఉండదు.

"విమానం ఆపినందుకు మిమ్మల్నేం అనను," అన్నాడు ఇన్‌ఛార్జి. "పొద్దున లెక్కపెట్టనందుకు ఇంకో మూడు నెలలు ప్రొబేషన్." కాగితం సొరుగులోకి పోయింది.

"సరే సార్." బాధపడదామనుకున్నాడు గాని, ముందు కూర్చోవాలనిపించింది.

మర్నాడు పొద్దున అతను ఊగని కుర్చీలో కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. భార్య డబ్బా ముందేసుకుని వేలు పెట్టి ఒక్కో గుంటా లెక్కపెట్టింది.

"ముప్పై ఏడు. సరిపోయిందా?"

"సరిపోయింది. సంతకం పెట్టు."

"నేనా?"

"స్టోరు నీదేగా."

"మరి నన్ను పర్మనెంట్ చేసేదెప్పుడు?"

"మూడు నెలలు చూద్దాం," అని అతను డబ్బా భుజానికెత్తుకున్నాడు.