కొంగు కింది తాళం

మా ఆయన నన్ను సంగీత సభకు తీసుకెళ్ళరు, పట్టుకెళ్తారు. శాలువా, మంచినీళ్ళ సీసా, తమలపాకుల డబ్బా, ఆ తరువాత నేను. నలభై ఒక్క ధనుర్మాసాలుగా ఇదే వరస.

మృదంగ విద్వాన్ చంద్రచూడన్ అంటే మైలాపూరులో తెలియనివాళ్ళు లేరు. ముందు వరసలో ఎడమ కొసన, గోడకూ నడవాకూ మధ్య ఉన్న రెండు కుర్చీలు ఆయనకు రాసిపెట్టినట్టే. నడవా వైపు ఆయన, గోడ వైపు నేను. ఆయన లేస్తే లేవాలి. పెళ్ళయిన కొత్తలోనే ఒక షరతు కూడా పెట్టారు, పదిమందిలో తాళం వేయకూడదని. "విద్వాంసుడి పెళ్ళాం తప్పు తాళం వేస్తే జనం నవ్వేది నిన్ను చూసి కాదే, నన్ను చూసి" అన్నారు. తప్పు వేస్తానని ఆయనకు ఎవరు చెప్పారో! అప్పటినుంచి సభలో నా కుడిచెయ్యి కొంగు కిందే ఉంటుంది. అక్కడ అది ఏం చేసినా అడిగేవాళ్ళు లేరు.

ఆ మధ్యాహ్నం నా మోకాలు మడవనియ్యనంది. కాలు చాపుకోవాలంటే నడవా వైపే కూర్చోవాలి. ఆయన సణుక్కుంటూ గోడ వైపు కుర్చీలోకి వెళ్ళారు.

పాట హరికేశన్‌ది, పేరున్నవాడే. మృదంగం ఇళవేనిల్ అనే అమ్మాయి. ఆ పేరు చూడగానే ఆయన చేతిలోని కచేరీ వివరాల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టేశారు.

ఆరేళ్ళ కిందట ఆ పిల్ల వాళ్ళ నాన్నతో కలిసి మా ఇంటికి వచ్చింది, శిష్యురాలిగా చేరతానని. "చేతులు కాయలు కాస్తాయమ్మాయ్, వీణ నేర్చుకో పో" అని ఆయన వరండాలోంచే పంపేశారు. నేను మజ్జిగ ఇచ్చే నెపంతో గేటు దాకా వెళ్ళాను. ఆయనతో కలిసి మృదంగం నేర్చుకుని కుంభకోణంలో ఉండిపోయిన ఒక విద్వాంసుడి చిరునామా క్యాలెండర్ కాగితం మీద రాసి దాని గుప్పిట్లో పెట్టాను. ఆ సంగతి అప్పటిదాకా ఆయనకు తెలియదు. నా కాపురంలో నేను చేసిన దొంగతనం అదొక్కటే.

హరికేశన్ పల్లవి అందుకున్నాడు. పద్నాలుగు లెక్కల తాళం. ఒక దెబ్బ, నాలుగు వేళ్ళు, మళ్ళీ ఒక దెబ్బ, నాలుగు వేళ్ళు, ఆపైన రెండు దెబ్బలు, రెండు విసుర్లు. కొంగు కింద నా చెయ్యి కూడా బయలుదేరింది.

"తని మొదలవగానే లేద్దాం. క్యాంటీన్‌లో ఆకుకూర వడ వేడిగా ఉంటుంది" అన్నారాయన.

తని అంటే మృదంగం ఒక్కటే మోగే ఘట్టం. ఆ వేళకు సగం సభ కాఫీకి లేవడం మా ఊళ్ళో మామూలే, దానికి ఎవరూ నొచ్చుకోరు. కానీ చంద్రచూడన్ లేస్తే అది కాఫీ కోసం కాదు. ఇందులో వినడానికి ఏమీ లేదని తీర్పు. ఆయన వెనకాలే మిగిలినవాళ్ళూ లేస్తారు, వచ్చే ఏడు ఆ పిల్లను ఏ సభా పిలవదు.

"నా మోకాలండీ..."

"నేను పట్టుకుని లేపుతాలే."

తని మొదలైంది. వెనక కుర్చీలు టపటపా మడుచుకున్నాయి. ఇళవేనిల్ తల ఎత్తకుండా వాయిస్తోంది. మొదటి నడకలోనే నాకు ఒళ్ళు జలదరించింది, అంత శుభ్రంగా ఉంది ఆ చెయ్యి. చేత్తో తాళం వేస్తూ లెక్క చూపిస్తున్నది హరికేశనే. బయటికి వెళ్తున్న ఎవరో పెద్దమనిషిని చూసి అతను నవ్వుతూ తల ఊపాడు. ఆ ఊపులో తాళంలో ఒక వేలు మింగేశాడు.

ఆ పిల్ల వాయింపు ఒకచోట, హరికేశన్ దెబ్బ ఒకచోట. పక్కన తాళం వేస్తున్న వయొలిన్ విద్వాంసుడు అతని చేతినే నమ్ముకున్నాడు. ఇద్దరూ ఒకవైపు, పిల్ల ఒక్కతే ఒకవైపు. ఇలాంటప్పుడు తప్పు ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పాలా? దాని మొహం పాలిపోయింది. తన లెక్క మీద తనకే అనుమానం వచ్చి, దిక్కు కోసం ముందు వరస వంక చూసింది. అక్కడ మా ఆయన చేతులు కట్టుకుని ఉన్నారు.

"లే" అన్నారు నాతో.

నా చేతికి తెలుసు, పిల్లదే సరైన లెక్క. కానీ అది కొంగు కింద ఉంది. బయటికి తీస్తే నలభై ఒక్క ఏళ్ళూ బయటపడతాయి. మళ్ళీ దెబ్బ వచ్చే వేళకు కొంగు తప్పించి తొడ మీద ఫటీమని వేశాను.

ఇళవేనిల్ చూసింది. బిగిసిన దాని భుజాలు సడలాయి.

"ఏమే! చెయ్యి దించు. అందరూ చూస్తున్నారు."

"చూడనీండి."

"పిచ్చి పట్టిందా నీకు? కాలు తియ్యి, నేను వెళ్ళాలి."

"తీయలేను. దాటుకుని వెళ్ళండి."

ఆయన లేచి నిలబడ్డారు. ముందు దారికి అడ్డంగా వేదిక దాకా చాపిన నా కాలు, పక్కన గోడ, వెనక వరసల్లో గొంతులు. పెళ్ళాం కాలు దాటుతూ చంద్రచూడన్ ఎలా కనిపిస్తారో ఆయనే ఊహించుకున్నట్టున్నారు, కూర్చున్నారు. లేద్దామన్నా లేవలేని కుర్చీ ఎలా ఉంటుందో ఆ వేళే మొదటిసారి తెలిసింది ఆయనకు. నేను లెక్క వదలలేదు. కాసేపటికి పక్కనుంచి, ఇష్టం లేని గొంతుతో వినిపించింది: "పిల్ల సరిగ్గానే ఉంది. వాడే తప్పాడు."

హరికేశన్ కూడా నా చేతిని చూసి గప్‌చుప్‌గా దిద్దుకున్నాడు. తనిని ముగించే ముక్తాయింపు మూడోసారి వచ్చి నా దెబ్బ మీద పడింది. క్యాంటీన్‌కు వెళ్ళనివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నా కళ్ళు నిండిపోయాయి.

కచేరీ అయ్యాక ఇళవేనిల్ కిందికి వచ్చి, పద్ధతి ప్రకారం ముందు ఆయనకు దండం పెట్టింది. తరువాత నా దగ్గర వంగి, "ఆ క్యాలెండర్ కాగితం ఇంకా దాచుకున్నాను మామీ" అంది. మామూలు గొంతుతోనే, ఆయనకూ వినపడేలా అంది, పాపం.

ఆటో ఎక్కి రెండు వీధులు దాటాక అడిగారాయన.

"ఎవరు నేర్పారు నీకు?"

"మీరే. శిష్యులకు పాఠం చెప్పేటప్పుడు తలుపు వేసుకునేవారుగా, నేను ఇవతల బియ్యం ఏరేదాన్ని."

"ఇన్నేళ్ళు పక్కనే కూర్చుని నాకు తెలియనివ్వలేదే!"

"మీరు ఎప్పుడైనా నా చేతి వంక చూశారా?"

ఆయన అప్పుడు చూశారు. చెయ్యి అప్పటికే మళ్ళీ కొంగు కిందికి వెళ్ళిపోయి ఉంది, అలవాటు కదా. దాన్ని బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.