యాప్రాల్ చెరువులో తేలిన భీమిలి పడవలు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది వ్యాను నడిపే రహమాను. మోండా మార్కెట్లో ఉల్లిగడ్డ బేరం చేస్తూ, బేరం మధ్యలో ఆపి మరీ చెప్పాడు. తర్వాత చాలామంది చాలా రకాలుగా చెప్పారు. విమలమ్మగారు చెప్పే తీరు వేరు, నోవహు స్నేహితులు చెప్పే తీరు వేరు. కానీ ఆ రోజు భీమిలి ఇసుకలో ఎండకి నిలబడ్డ మనిషి రహమాను. అందుకని అతని మాటే నమ్మాను. మిగతాది కాంతమణిని అడిగి సరిచూసుకున్నాను.

రాష్ట్రం ఒక్కటిగా ఉన్న రోజులవి. సైనిక్‌పురిలో సుబేదారుగారి అబ్బాయి జ్ఞానశేఖర్ ఇంటి కారు షెడ్డులో ఆఫీసు పెట్టి 'తీరం యాత్రలు' అని బోర్డు కట్టాడు. శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్లో రైలెక్కితే శనివారం పొద్దున్నే విశాఖపట్నం. అక్కడ, ముందురోజే సికింద్రాబాదునుంచి పడవలు కట్టుకుని వచ్చిన రహమాను వ్యాను ఎక్కి మంగమారిపేట ఒడ్డుకి. అక్కడినుంచి నీళ్ళ మీదే భీమిలి దాకా. కూర్చోగలిగిన వాళ్ళు కయాకుల్లో కూర్చుంటారు. కయాకు అంటే రెండు మొనల సన్నపడవ, కాళ్ళు చాపుకుని అటూ ఇటూ తెడ్డు వేసుకోవాలి. ధైర్యమున్నవాళ్ళు ప్యాడిల్ బోర్డు మీద నిలబడతారు. అదొక పొడుగాటి పలక, అంతే. ఎడమచేతి పక్క ఎర్రమట్టి దిబ్బలు జేగురు పూసినట్టు వరసగా నడుస్తాయి. కుడిచేతి పక్కంతా సముద్రం.

అందరికంటే ముందు కాంతమణి.

ఆమె పుట్టింది భీమిలిలో. రైల్వే ఉద్యోగి యేసురాజుని చేసుకుని సికింద్రాబాదు వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరి వెనకే నడిచింది. వీధిలో మొగుడి వెనక, చర్చిలో అత్త వెనక, రేషన్ షాపులో ఊరందరి వెనక. మొగుడూ పోయాడు, అత్తా పోయింది, అయినా చర్చిలో ఆమెకి వెనక బల్లే మిగిలింది. ఆమె ముందుండే చోటు ఈ భూమ్మీద ఒక్కటే, అది నీళ్ళ మీద ఉంది.

తెడ్డు వేస్తే నీళ్ళ మీద తెల్లటి గీత పడుతుంది. ఎవరు వేసినా పడుతుంది. అందరిదీ చెరిగిపోతుంది, కాంతమణిది చెరగదు. వాళ్ళమ్మ పెట్టిన ఆవకాయ బూజు పట్టదు, వాళ్ళ మేనమామ నాటిన జీడిమామిడి ఎండదు, ఈమె వేసిన గీత చెరగదు. ఎవరి చేతి గుణం వాళ్ళది. భీమిలి జాలర్లు ఆ గీత మీదుగా తెప్పలు దాటించుకునేవాళ్ళు, గీత కిందినుంచి వల లాక్కునేవాళ్ళు. అలతోపాటు లేచేది, అలతోపాటు దిగేది, తెగేది కాదు. ప్రతి యాత్రకీ ఆమె పాత గీత మీదే మళ్ళీ తెడ్డు వేసేది. ఎక్కడైనా వెంట్రుకవాసి పక్కకి పోయిందనిపిస్తే తిరుగు రైల్లో ఎవరితోనూ మాట్లాడేది కాదు. భీమిలిలో దిగగానే తెడ్డు తుడిచి, పాత చీరలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని సికింద్రాబాదు తెచ్చుకునేది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి యాప్రాల్ చెరువులో పాఠం. దానికీ కాంతమణే. కానీ ఆమె చెరువులోకి దిగేది కాదు. గట్టు మీద గొడుగేసుకుని నిలబడి, "నడుం తిప్పు, చేతులు కాదు" అని అరిచేది. ఉప్పులేని నీళ్ళలో తెడ్డు ముంచడం ఆమెకి నామోషీ.

అట్లా నడుస్తుండగా జ్ఞానశేఖర్ నోవహుని తెచ్చాడు. గోవాలో నేర్చుకొచ్చిన కుర్రాడు, ఎత్తరి, నల్లకళ్ళద్దాలు. పిల్లవాడు మంచివాడే, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఆంటీ, ఏమనుకోవద్దు," అన్నాడు జ్ఞానశేఖర్, టేబుల్ మీది ఫోన్ని అటూ ఇటూ జరుపుతూ. "గీత ఎట్లాగూ ఉన్నది. నోవహు దాన్ని పట్టుకుని పోతడు. మీరు ఈడ ఫోన్ చూస్కోండి. ఎండల తిరిగే తక్లీఫ్ లేదు. కూలర్ పెట్టిస్త."

"గీత ఎవరిది?"

"మీదే. కాదన్ననా? కంపెనీది సుత అనుకోండి."

"ఏటి?" అంది కాంతమణి. భీమిలి మాట ఆమె నోట కోపంలోనే వచ్చేది.

జ్ఞానశేఖర్ ఫోన్ జరపడం ఆపాడు. నోవహు కళ్ళద్దాలు తీసి, "ఆంటీ, మీ గీత తొక్కను. పక్కనుంచి పోత," అన్నాడు మర్యాదకి.

"పక్కన రాళ్ళున్నాయి. మీదనుంచే పో," అందామె.

గీత చెరపాలంటే ఆమెకి ఒక పూట పని. వెనక్కి తెడ్డు వేసుకుంటూ వస్తే చుట్టుకుపోతుంది. చెరపలేదు. కోపం ఎంతున్నా తన చేతిపని తను పాడుచేసుకునే మనిషి కాదు. ఫోన్ దగ్గర కూర్చుంది.

నోవహు ముందుండి తీసుకుపోయిన మొదటి గుంపు చర్చి స్త్రీల సమాజంవాళ్ళు. వాళ్ళ ప్రెసిడెంటు విమలమ్మగారు, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. బయల్దేరేముందు ఫోన్ చేసింది.

"నువ్వు రావటంలేదట కదా కాంతమణీ. మంచి పనే. వయసొచ్చాక ఒకచోట కూర్చోవాలి."

ఆవిడ కాంతమణి కంటే ఆరేళ్ళు పెద్ద. కాంతమణి ఆ మాట అనలేదు. ఫోన్ పెట్టేసి కూలర్ కట్టేసింది.

శనివారం పొద్దున మళ్ళీ ఫోన్ మోగింది. ఎవరో మగమనిషి. సముద్రంలో నీడ ఉంటుందా అని అడిగాడు. కాంతమణి రిసీవరు టేబుల్ మీద పక్కన పెట్టి, చీరలో చుట్టిన తెడ్డు తీసుకుని, ఆటో ఎక్కి యాప్రాల్ చెరువుకి పోయింది.

గట్టున చాకలి కమలాబాయి బట్టలుతుకుతూ ఉంది. పాఠాలకని గట్టున ఉంచిన పలకని కాంతమణి నీళ్ళలోకి తోయడం చూసి చెయ్యాపింది.

"ఏందమ్మా, ఇయ్యాల నువ్వే దిగుతున్నవ్? ఈ నీళ్ళు నీకు నచ్చవ్ గదా."

"చేతులు ఊరుకోటంలేదు."

"ఎవరి మీద?"

"ఎవరి మీదైతేనేం."

పలక మీద నిలబడింది. మొదటి తెడ్డు వేసేసరికి గీత పడింది, సముద్రం మీద పడ్డంత తెల్లగా. చెరువు మధ్యలో ఏనుగు కూర్చున్నట్టు పెద్ద బండలున్నాయి. వాటి వెనకనుంచి చుట్టి వచ్చింది. కోపం తగ్గలేదు, ఇంకోసారి చుట్టింది. గీతలు ఒకదాని పక్కన ఒకటి ఉంగరాల్లాగా పడ్డాయి. బర్రెలు తల వంచి గీత కిందినుంచి దూరి అవతలికి పోయాయి.

"దండెం లెక్క మంచిగున్నది," అంది కమలాబాయి. "బట్టలారేస్కోవచ్చా?"

"నా గీత మీద నీ లుంగీలా?"

"లుంగీలు కాదు తల్లీ, కర్నల్ సాబు దుప్పట్లు."

కాంతమణికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పలకని గట్టువైపు తిప్పుతుండగా బండల వెనకనుంచి పాట వినిపించింది. ఆడవాళ్ళు కలిసి పాడే కీర్తన. ముందు నోవహు పడవ వచ్చింది, దాని వెనక వరసగా నారింజరంగు జాకెట్లు వేసుకున్న స్త్రీల సమాజం. చీరలకి ఉప్పు మరకలు, ముక్కుల మీద ఎండదెబ్బ. ఒక పడవ మొనకి సముద్రపు నాచు వేలాడుతోంది. గీత మీదనుంచి ఒక్కరూ పక్కకి పోలేదు. అది మాత్రం కాంతమణి చూసుకుంది.

నోవహు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని అపార్ట్‌మెంట్లకేసీ బర్రెలకేసీ చూశాడు.

"ఆంటీ, ఇది భీమిలి కాదు గదా."

"కాదు. ఏం చేశావు?"

"ఏం చేయలే. గీత మీదనే వచ్చిన. ఎర్రదిబ్బలు దాటినంక విమలమ్మగారు ప్రార్థన చేద్దాం అన్నరు. అందరం కళ్ళు మూస్కున్నం."

"నువ్వు కూడానా? ముందున్నవాడివి."

"ప్రార్థన గదా ఆంటీ. చేతులైతే ఆపలే. ఆమేన్ అని కళ్ళు తెరిస్తే గిది."

విమలమ్మగారి ప్రార్థన ఎరిగినవాళ్ళకి అందులో అనుమానమేమీ రాదు. ఆవిడ మొదలుపెడితే రోగులు రావాలి, ప్రయాణంలో ఉన్నవారు రావాలి, అధికారులు రావాలి, పరీక్షలు రాసే పిల్లలు రావాలి, చివరికి చర్చి కొత్త మైకుసెట్టు కూడా రావాలి. అందరూ వచ్చేదాకా ఎవరూ రెప్ప ఎత్తరు. ఆ చర్చిలో అదొక పట్టింపు.

"భీమిలి దగ్గర నేను తెడ్డు ఎత్తాను," అంది కాంతమణి. "మళ్ళీ దించింది ఇక్కడే. గీత ఆగినచోటినుంచి సాగింది. నువ్వు సరిగ్గానే వచ్చావు."

"ఇది యాప్రాలే కదూ," అంది విమలమ్మగారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "ప్రభువు కార్యం. రేపు ఆరాధనకి టైముకి అందుకుంటాం." వెంటనే ఆవిడ చెయ్యి నడుం దగ్గరకి పోయింది. "నా ఇంటి తాళాలు."

తాళాలు, బట్టల సంచులు, చెప్పులు, మధ్యాహ్నం భోజనం, అన్నీ రహమాను దగ్గర భీమిలిలో ఉన్నాయి. నోవహు మెడలో వేలాడే ప్లాస్టిక్ కవర్లోంచి ఫోన్ తీసి కలిపాడు. గట్టు దాకా వినిపించింది రహమాను గొంతు.

"యాప్రాల్‌ల ఉన్నరా? మరి నన్నెందుకు ఈడ నిలవెట్టిండ్రు భయ్యా? బిర్యానీ దించి కూసున్న. కాకులన్నీ నా దిక్కే చూస్తున్నయ్."

ఈలోగా జ్ఞానశేఖర్ స్కూటర్ మీద వచ్చాడు. ఆఫీసు ఫోన్ ఎంతసేపు చేసినా కలవటంలేదని కాంతమణి కోసం బయల్దేరినవాడు, వచ్చి చూస్తే కంపెనీ పడవలన్నీ చెరువులో ఉన్నాయి. "వచ్చిన దారినే వాపస్ పో," అన్నాడు నోవహుతో.

నోవహు గుంపుని తిప్పుకుని గీత మీద బయల్దేరాడు. బండల వెనక్కి పోయారు. కాసేపటికి అవతలి పక్కనుంచి కీర్తన పాడుకుంటూ మళ్ళీ గట్టుకే వచ్చారు. ఇంకోసారి పోయారు. మళ్ళీ కమలాబాయి బట్టల దగ్గరే తేలారు.

"ఇంకెన్నిసార్లు తిరుగుతరు సారూ?" అంది కమలాబాయి. "నా నీళ్ళు మసకైతున్నయ్."

జ్ఞానశేఖర్ కాంతమణి వైపు చూశాడు. ఆమె పలక మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడిస్తోంది.

"గీత నేనున్నచోటికే తెస్తుంది శేఖరూ. నేనెక్కడుంటే అక్కడికి. నన్ను ఫోన్ దగ్గర కూర్చోబెడితే నీ కస్టమర్లందరూ సైనిక్‌పురిలోనే దిగుతారు, అందాకా నీళ్ళుంటే."

"ఆంటీ, జెర..."

"జెర ఏటి? పూర్తిగా అడుగు."

అతను చెప్పుల్లోంచి కాళ్ళు తీసి నీళ్ళ అంచున నిలబడ్డాడు. చుట్టూ స్త్రీల సమాజం, కమలాబాయి, బర్రెలు. "ముందు మీరే ఉండాలె ఆంటీ," అన్నాడు. "ఇయ్యాల ఒక్కదినమే కాదు."

"మరి ఫోన్?"

"నేనే చూస్త."

"కూలర్ ఆపేశాను. వేసుకో," అంది కాంతమణి లేచి నిలబడుతూ.

నోవహు తన పడవని ఎవరూ చెప్పకుండానే వరస చివరికి తీసుకుపోయాడు. వెనకబడ్డవాళ్ళని చూసుకోవడానికి ఒకరు ఉండాలి గదా. కాంతమణి అందర్నీ ఒకసారి చూసింది.

"దారిలో ఎవరూ కళ్ళు మూయకూడదు."

"ప్రార్థన లేకుండా ఎట్లా?" అంది విమలమ్మగారు.

"తెరిచి చేయండి. దేవుడేమీ అనుకోడు."

విమలమ్మగారు కళ్ళజోడు సరిచేసుకుని తెడ్డు గట్టిగా పట్టుకుంది.

కాంతమణి పాత ఉంగరాల మీద వేయలేదు. బండలని కుడిచేతికి వదిలేసి కొత్తగా, తిన్నగా ఒక తెడ్డు వేసింది. తర్వాత ఇంకొకటి. వెనక ఆడవాళ్ళు ఆ రోజు చూసింది ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందు చెరువు అడుగు బురద కనిపించింది, తర్వాత ఇసుక కనిపించింది. గుర్రపుడెక్క తీగలు కాస్త కాస్తగా నాచయ్యాయి. కొంగలు తెల్లగా ఎగిరి, దిగేటప్పటికి సముద్రపు పిట్టలయ్యాయి. అపార్ట్‌మెంట్ల మీది నీళ్ళ ట్యాంకుల వరస అట్లాగే కొంతదూరం వచ్చి, ఎండలో ఎర్రబడి, దిబ్బలైంది. పెదవుల మీదికి ఉప్పొచ్చింది. పడవల కిందికి అల దూరి మెల్లగా లేపింది. ఎవరూ పాడలేదు, ఎవరూ రెప్ప వేయలేదు. ముందు కాంతమణి వీపు, పలక మీద ఆమె రెండు పాదాలు, ఆ పాదాల వెనకనుంచి పుట్టుకొస్తున్న తెల్లటి గీత. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. వస్తున్నారని ఆమెకి తెలుసు.

భీమిలి ఇసుకలో రహమాను కాకుల్ని తోలుతూ నిలబడి ఉన్నాడు.

"అక్కా," అన్నాడు కాంతమణిని చూసి, "బిర్యానీ చల్లగైంది."

"ఆకలి వేడిగానే ఉందిలే. వడ్డించు."

ఆ తర్వాత 'తీరం యాత్రలు' వాళ్ళు రైలు టికెట్లు తీయడం మానేశారు. శనివారం పొద్దున యాప్రాల్ గట్టు మీద ఎక్కడం, మధ్యాహ్నం భీమిలిలో భోజనం, దీపాలు పెట్టేవేళకి మళ్ళీ యాప్రాల్. రాష్ట్రం రెండయ్యేదాకా కాంతమణే ముందుంది. రహమాను భీమిలిలోనే ఇల్లు తీసుకున్నాడు, మార్కెట్ పనికి మాత్రం పడవలో వచ్చిపోయేవాడు. జ్ఞానశేఖర్ ఫోన్ బాగా మాట్లాడటం నేర్చుకున్నాడు. నోవహు చివరి పడవలో కూర్చుని, ఎంత పొడుగు ప్రార్థనకైనా ఒక కన్ను తెరిచి ఉంచేవాడు. చర్చిలో కూడా కాంతమణి మూడో వరసకి వచ్చి కూర్చుంది. ఎవరూ జరగమనలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ సంవత్సరం సమాజం వార్షికోత్సవంలో చదివిన రిపోర్టులో ఏమని చదివారు? 'విమలమ్మగారి ప్రార్థనా ఫలితముగాను, నోవహుగారి నాయకత్వములోను మన సహోదరీలు సముద్రయాత్ర ముగించి క్షేమముగా తిరిగివచ్చిరి' అని. నేను అక్కడే కూర్చుని విన్నాను. ఆ తర్వాత చెరువు గట్టు మీద నిలబెట్టిన రేకుబోర్డు మీదా అదే మాట రాయించారు. నోవహు తనంతట తనే వెళ్ళి కాదని చెప్పాడట, విన్నవాళ్ళు లేరు.

ఇప్పుడా సమాజానికి సెక్రటరీ ఎవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, దయచేసి ఒక పెయింటరుని పిలిపించండి. బోర్డు మీద ప్రార్థన మాట తీసేయమనటంలేదు, అది ఉండనివ్వండి. నోవహు పేరూ ఉండనివ్వండి. కాంతమణి పేరు రాయండి. అన్నిటికంటే పైన, అందరికంటే ముందు రాయండి.