తూకపు కోఠీ గడపరాయి

పొద్దున ఏడింటికి షిఫ్టు మారేటప్పుడు సలాబత్‌పురా మగ్గాల కార్ఖానా ముందు గుమ్మంలో రోజూ తమాషాయే. టిఫిన్ డబ్బాలతో వచ్చేవాళ్లలో, ఇంట్లోనో బయటో ఎవరినైనా కొట్టి వచ్చినవాడుంటే, గడపరాయి తొక్కగానే వాడి చెయ్యి బరువెక్కి నేలకు వేలాడుతుంది. ఆ రోజు సాంబయ్యకు వేలాడింది.

"ఎన్ని శేర్లున్నది సాంబయ్యా?" అంది కండెలు చుట్టే కనకవ్వ.

"రెండుంటయేమో అక్కా. రాత్రి పెండ్లాం మీద చెయ్యి లేచింది."

"మరి పో. గామెతోనే ఎత్తించుకొని రా."

అదీ పద్ధతి. దెబ్బ తిన్నవాళ్లే ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. అప్పుడే వాళ్ల వాటా బరువు దిగుతుంది. సాంబయ్య ఇంటికెళ్లి, నానా తిట్లూ తిని, ఎత్తించుకుని వచ్చాడు. ఇందులో వింతేముందని అడిగేవాళ్లే అంతా.

ఆ రాయి పాతకాలపు తూకపు కోఠీది. తాపీ నదిలోకి ఓడలొచ్చే రోజుల్లో నీలిమందైనా, పత్తైనా, వెండైనా అక్కడ తూచి ముద్ర వేయనిదే ఊళ్లోకి వెళ్లేది కాదట. దొంగ తూకం వేసినవాణ్ణి త్రాసు కొక్కేనికే వేలాడదీసేవారట. ఒకసారి ఇద్దరు షావుకార్లు, సరిగ్గా తూచాడన్న కోపంతో తూకందారును అతని తక్కెడలోనే నరికేశారు. నెత్తురు గడపదాకా పారింది. నరికినవాళ్లు గడప తొక్కి, చేతులు లేవక అక్కడే కూలబడి దొరికిపోయారు. తర్వాత కోఠీ తగలబడింది, గోడలు వరదకు కూలాయి, ఇటుకలు జనం ఎత్తుకుపోయారు. అంత నెత్తురు తాగిన రాయిని మాత్రం ఎవడు ఇంటికి తీసుకెళతాడు? అది అక్కడే ఉండిపోయి, తర్వాత కట్టిన ఈ కార్ఖానాకు గడపైంది.

కనకవ్వ మొగుడు మొండయ్య మూడు నెలల కింద ఈ కార్ఖానాలోనే పోయాడు. మెట్ల మీద కాలు జారిందని, మగ్గాల మీద పెత్తనం చేసే మాస్టర్ బ్రహ్మచారి చెప్పాడు, పోలీసులు అదే రాసుకున్నారు. పోగు తెగితే మనిషి పన్ను రాలగొట్టే మాస్టర్ అతను. కాపురం పై అంతస్తులోనే, రాకపోకలు వెనక తలుపు నుంచే. ముందు గడప తొక్కగా చూసినవాళ్లు లేరు. మొగుడి తల ఎలా పగిలిందో దాన్ని కడిగిన కనకవ్వకు తెలుసు. కానీ తెలియడం వేరు, తేలడం వేరు.

ఆ మధ్యాహ్నం, మగ్గం నడిపే అంబదాస్‌ను మాస్టర్ ఆ మగ్గానికే అదిమి మూతి పగలగొట్టాడు. కొత్త గుడ్డ మీద నెత్తురు చిమ్మిందని మళ్లీ కొట్టాడు. మాస్టర్ భోజనానికి పైకెళ్లగానే కనకవ్వ లేచింది.

"రాయి లేపుండ్రి."

గునపాలతో పెకలించి, నూలు చుట్టిన బరువైన బీము మోసినట్టే నలుగురు భుజాలకెత్తుకుని వెనక తలుపులో పరిచారు.

సాయంత్రం మాస్టర్ పాన్ కోసం బయలుదేరాడు. చెప్పు రాయి మీద పడింది. కుడి భుజం కీలు ఫట్టున ఊడింది. చెయ్యి మనిషిని ఈడ్చుకుంటూ నేలకు గుద్దుకుంది. వేళ్లు నలిగిన చప్పుడు అందరూ విన్నారు.

కనకవ్వ మరిది పరమేశ్ ఇనుపరాడ్ ఎత్తాడు. "వీని తల పలగ్గొడ్త!"

"ఆగు. ముందు గా చెయ్యి ఎత్తుండ్రి."

"ఏంది వదినె, వీనికా?"

"ఎవల వాటా వాళ్లు ఎత్తుండ్రి. మిగిలింది నేను జూస్త."

నోటి నిండా నెత్తురుతో అంబదాసే ముందుకొచ్చాడు. గుండె మండుతున్నా ఒక్కొక్కరే వచ్చి పట్టారు. పరమేశ్ కూడా రాడ్ పక్కన పెట్టి తన వాటా ఎత్తాడు. మొత్తం పద్నాలుగు మంది.

"ఇంకెవలన్న ఉన్నరా, వీని చేతిల దెబ్బ తిన్నోళ్లు?"

ఎవరూ లేరు. మాస్టర్ ఊపిరి పీల్చుకుని చెయ్యి లాక్కోబోయాడు. అది వెంట్రుకవాసి కూడా లేవలేదు.

"కాలు జారిండంటివి గద?" అంది కనకవ్వ.

మాస్టర్ బావురుమన్నాడు. "కొట్టిన, కనకవ్వా. రాడ్‌తోని కొట్టిన. నీ కాళ్లు మొక్కుత, నువ్వెత్తు."

"నువ్వు నన్ను కొట్టలేదు. నా మొగని వాటా గాయినే వచ్చి ఎత్తాలె."

ఆ మాట అని అక్కడే కూలబడి, మూడు నెలల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. పోలీసులు వచ్చి ఈసారి వేరేగా రాసుకున్నారు. ఆ చేతిని జీపులోకి ఎక్కించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది.