నాలుగో రాడ్డు

పొద్దున్నే పళ్లు తోముకుంటూ అద్దంలో మొహం చూసుకుంటున్నాను. నాలుగో రాడ్డు నట్లు రెండూ బిగించానా? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. నోట్లో నురగతోనే ఇంటి వెనక షెడ్డులోకి పరిగెత్తాను.

షెడ్డులో ఉన్నది మా ఊరి డాక్టరుగారి తాతగారి నాటి కారు. ముప్పై ఏళ్లు మూలన పడి ఉంటే, నాలుగు నెలలు కూర్చుని దాని ఇంజన్ని విప్పి, కడిగి, అరిగినవి మార్చి మళ్లీ కూర్చాను. నిన్న సాయంత్రం స్టార్టు చేస్తే బుద్ధిగా తిరిగింది. ఇవాళ పదింటికి డాక్టరుగారు వస్తారు. భార్యనీ ఇద్దరాడపిల్లల్నీ ఎక్కించుకుని నేరుగా కొండదారి పడతానన్నారు.

పిస్టన్లని పట్టుకుని ఉండే రాడ్లు నాలుగు, ఒక్కోదానికి రెండేసి నట్లు. అందులో ఒకటి వదులుగా ఉన్నా ఇంటిముందు ఏమీ కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు రాడ్డు ఊడి ఇంజన్ని చీల్చుకుని బయటికొస్తుంది. చక్రాల కింద నూనె, పక్కన లోయ, వెనక సీట్లో పిల్లలు.

నలభై ఏళ్లుగా నాదొకటే పద్ధతి. నట్టు బిగించగానే దానిమీద పసుపు పెయింటుతో చుక్క పెడతాను. చుక్క లేదంటే బిగించలేదనే. నిన్న మూడో రాడ్డు దాకా అంతా కళ్లకు కట్టినట్టుంది. తర్వాత ఫోను మోగింది. బయటికెళ్లి మాట్లాడి వచ్చేసరికి మా ఆవిడ ఇంజను కింద, ఆ నట్లని కప్పేసే ఆయిల్ చాంబరు ఎక్కించి బోల్టులు బిగించేస్తోంది. ఫోనుకి ముందు నాలుగోది చేశానా, లేదా? వెధవ బుర్ర, అక్కడ ఏమీ లేదు!

"ఏమండీ, ఆ నురగేంటి, ఆ పరుగేంటి?" మా ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చింది. పెళ్లైన కొత్తలో పానాలు అందించడానికి షెడ్డులోకొచ్చిన మనిషి, ఇప్పుడు పనిలో నాకేమీ తీసిపోదు.

"చాంబరు విప్పాలే. నాలుగో రాడ్డు బిగించానో లేదో గుర్తులేదు."

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "బిగించే ఉంది. విప్పకండి."

"నీకెలా తెలుసు?"

"నిన్న ఇంజను వినలేదూ? చప్పుడు విని బండి జబ్బు చెబుతారని ఊరంతా చెవిమేస్త్రి అంటారు, మీ చెవి మీద మీకే నమ్మకం లేకపోతే ఎలా?"

"నా చెవి తగలెయ్య! నెమ్మదిగా తిరిగేటప్పుడు వదులు వినపడదే. పిల్లలెక్కుతారు దాంట్లో!"

"నేను చెబుతున్నాగా, విప్పకండి," అంది మళ్లీ. గొంతు సన్నగా ఉంది. నాకు ఒళ్లు మండింది. మాట వినకుండా కారు కిందున్న గుంటలోకి దిగాను.

కొత్త నూనెంతా తొట్లోకి దింపాను. కంగారులో బోల్టులు రెండుసార్లు కింద పడేశాను. ఎనిమిదిన్నరకి చాంబరు ఊడింది. టార్చి వేసి చూశాను. ఎనిమిది నట్లకీ ఎనిమిది పసుపు చుక్కలు. నాలుగోదానికి రెంచి పెట్టి లాగాను. రెండూ గట్టిగా ఉన్నాయి.

"హమ్మయ్య!" అని గట్టిగా నవ్వేశాను. గుంట పైనున్న మా ఆవిడ నవ్వలేదు.

చెయ్యి తుడుచుకుంటూ మళ్లీ చూస్తే, ఒక్కో పసుపు చుక్క పక్కన ఇంకో చుక్క కనిపించింది. చిన్నది, ఎర్రది. నేను ఎరుపు వాడను.

"ఈ ఎర్ర చుక్కలెవరివే?"

ఆమె గుంట అంచున చతికిలబడింది. "నావే. గోళ్లరంగు. మీరు ఫోనులో ఉన్నప్పుడు అన్నీ ఒకసారి చూశాను."

"నాలుగోది?"

"చుక్కలున్నాయి. బిగింపు లేదు. వేలితో తిప్పితే తిరిగాయి, రెండూ."

నా పైప్రాణాలు పైనే పోయాయి. బిగించకుండానే చుక్క పెట్టానా? నలభై ఏళ్లుగా దేన్ని చూసి ధైర్యంగా బండ్లు పంపిస్తున్నానో ఆ చుక్కే అబద్ధమైతే, ఇక నేను దేన్ని నమ్మాలి?

"ఇదే మొదటిసారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇది మూడో బండి."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఆ రోజే పానా కింద పడేసి మంచమెక్కేస్తారు. మీ సంగతి నాకు తెలీదూ? అందుకే వెనకాల తిరిగి బిగిస్తున్నాను. ప్రతి బండీ గేటు దాటి, క్షేమంగా చేరామని ఫోనొచ్చేదాకా అన్నం సయించదు నాకు. ఏదో ఒకరోజు నేను కూడా చూడకుండా వదిలేస్తే?"

డాక్టరుగారు రావడానికి ఇంకా గంటన్నర ఉంది. ఆయనకేం చెప్పాలో తెలియలేదు. రేపటినుంచి ఈ షెడ్డులో నేనేం చెయ్యాలో అసలే తెలియలేదు.

"నాకు భయంగా ఉందే," అన్నాను.

చీర కుచ్చిళ్లు దోపుకుని ఆమె గుంటలోకి దిగింది. నా చేతిలోంచి రెంచి తీసుకుని మొదటి రాడ్డుకి పెట్టింది.

"ఇన్నాళ్లూ ఒక్కదాన్నే భయపడి చచ్చాను," అంది. "ఇక మీరూ భయపడండి. నాకు కాస్త తోడుంటుంది."