వాన లేని గని

పొద్దున తొమ్మిదయ్యేసరికి తాండూరులోని ఆ పాత బండల పాలిషింగ్ షెడ్డు ముందు చెప్పులు బారులు తీరతాయి. గనిలో కొత్తగా పనికి కుదిరినవాళ్లు, వాళ్లను తోలుకొచ్చే మేస్త్రీ ఎంకయ్య, ఊరికే చూసిపోదామని వచ్చే ఒకరిద్దరు. లోపల ఇంద్రమ్మ గుడ్డతో కళ్లజోళ్లు తుడిచి బల్ల మీద పేరుస్తుంది. కళ్లజోళ్లంటే మామూలువి కావు, ముఖంలో సగాన్ని మింగేసే నల్ల డబ్బాలు. అవి పెట్టుకున్నవాడు షెడ్డులో నిలబడే గనిలోకి దిగుతాడు. ఏ బండ కింద ఆగకూడదో, ఏ అంచు మీద కాలు మోపకూడదో ప్రాణం మీదికి రాకుండానే నేర్చుకుంటాడు. తలకు చుట్టిన తువ్వాల విప్పమంటే ఎవరూ విప్పరు. డబ్బా జారుతుంది, ఇంద్రమ్మ తిడుతుంది. రోజూ ఇదే తంతు.

షెడ్డులో ఆ గనిని కట్టింది ఇంద్రమ్మ ఆడబిడ్డ శ్యామల. వికారాబాద్‌లో పాలిటెక్నిక్ చదివే రోజుల్లోనే ఆమెకు కంప్యూటర్ బొమ్మల పిచ్చి పట్టింది. అప్పట్లో తెర మీద రాయి గీస్తే ప్లాస్టిక్ పలకలా వచ్చేది. శ్యామలకు ఒక కిటుకు తెలుసు. ఆ మాటకొస్తే తాండూరులో అందరికీ తెలుసు. పొడి బండ తన రంగు తాను చెప్పదు, నీళ్లు కొట్టి చూడాలి. ఆమె తడి బండలను ఫోటోలు తీసి, నీటి చుక్క రాతిలోకి ఎట్లా ఇంకుతుందో, వెలుతురు దాని మీద ఎట్లా జారుతుందో లెక్కగట్టి తెర మీదికి తెచ్చింది. హైదరాబాద్‌లో కొమ్ములు తిరిగినవాళ్లు నోరెళ్లబెట్టారు. బయటి దేశాల నుంచి బహుమతులు వచ్చాయి, పేపర్లో ఫోటోలు పడ్డాయి. కళ్లజోడు పెట్టుకుని నడిచి తిరగగల లోకాలు ఇక్కడ ఇంకా ముచ్చట్లలోనే ఉన్నప్పుడు, ఆమె కట్టి చూపించింది. ఇప్పుడు ఆ పని చేస్తున్నవాళ్లలో సగంమంది ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే. అట్లాంటి మనిషి నలభై మూడేళ్లకు అన్నీ మూటగట్టుకుని వచ్చి ఈ షెడ్డులో దిగింది. ఎందుకొచ్చావని అడిగితే, "హైదరాబాద్‌ల దుమ్ము సరిగ లేదు" అనేది.

ఆమె కట్టిన గనిలో ఎండ ఉంది, దుమ్ము ఉంది, మూడు గంటల నీడ కూడా గోడ వెంట సరిగ్గా పాకుతుంది. వాన మాత్రం లేదు.

పోయినేడు ఒకే ఒక్కసారి కురిసింది. సహాయకురాలు అక్షర వానను నడిపించిన ఆ రోజు, గని అడుగున తూర్పు గోడ దగ్గర ఒక మనిషి కనిపించాడు. లుంగీ ఎగగట్టి, వీపు ఇటు తిప్పి, కుడి అరచెయ్యి బండకు ఆనించి నిలబడ్డాడు. తడుస్తున్నాడు.

"మేడమ్, ఈయనను మనం పెట్టలేదు గదా?" అంది అక్షర.

"లేదు. మా అన్న."

"అట్లనా. దారికైతే అడ్డం లేడు, ఉండనీయండి" అని అక్షర తన పనిలో పడింది.

శ్యామల లేచి వానను ఆపేసింది. మళ్లీ నడపలేదు. ఆమె అన్న కుమారస్వామి వానలో వస్తాడన్న సంగతి ఊళ్లో పాకింది, ఫలానా బస్సు కోట్‌పల్లి మీదుగా పోతుందట అన్నట్టుగా జనం చెప్పుకున్నారు. ఎంకయ్య అయితే, "మల్లొస్తే గా నీళ్లు తోడే పంపు తాళంచెవి యాడవెట్టిండో అడుగు బిడ్డా" అన్నాడు.

కుమారస్వామి పోయి ఇరవై మూడేళ్లు. అతను పోయిన గనిలో అప్పటి నుంచీ నీళ్లు నిలిచి ఉంటే, ఎవరో కొత్త కాంట్రాక్టరు తోడించి మళ్లీ తెరిచాడు. శ్యామల కొలతలు తీసి కట్టింది ఆ గనినే. ఈ జూన్‌లో అందులో పనికి కుదిరినవాళ్లలో ప్రవీణ్ ఉన్నాడు. ఇంద్రమ్మ కొడుకు, తండ్రి పోయిన మూడు నెలలకు పుట్టినవాడు. వద్దంటే వినలేదు. తెల్లారితే గనిలోకి దిగాలి.

ఆ రోజు ఇంద్రమ్మ కళ్లజోడు తుడుస్తూ అంది, "శ్యామలా, వాన పెట్టు."

"వద్దొదినా."

"ఎండకు బండ కూలి సచ్చినోన్ని ఎవల్నన్న చూసినవా? మీ అన్న వానకే పాయె. నా కొడుకు ఎండల నేర్సుకొని వానల దిగాల్నా?"

శ్యామల తల వంచుకుంది. వదిన అన్నది నిజం. తన భయం కోసం ఇంతమందికి సగం చదువే చెబుతున్నానని ఆమెకు రోజూ తెలుస్తూనే ఉంది, సిగ్గుగానూ ఉంది. అయినా ఆ వీపు ఇటు తిరిగితే, ఆ ముఖం తనను ఏమడుగుతుందోనని భయం.

వాన నీళ్లలో మునుగుతున్న పంపు ఎత్తడానికి దిగి కుమారస్వామి పోయాడని ఊరంతా నమ్మింది, శ్యామల నమ్మనిచ్చింది. అసలు జరిగింది వేరు. నిజమైన వానలో తడిసే బండ ఫోటోలు కావాలని అన్నను దింపింది ఆమే. గోడ ఎంత ఎత్తో తెలియాలంటే పక్కన మనిషి నిలబడాలి. ముఖం కనపడితే చూపంతా దాని మీదికే పోతుందని, అటు తిరగమంది. రీలు అయిపోయింది. కొత్త రీలు ఎక్కించడానికి పైన రేకుల పందిరి కిందికి పోతూ, "నేను చెప్పేదాంక కదలకన్నా" అంది. ఆమె ఇంకా కెమెరా మూత తెరుస్తుండగానే కింద గోడ కూలింది. మిగిలిన ఆ ఒక్క రీలు మీదే ఆమె బతుకంతా లేచింది.

"వదినా, అన్నను దింపింది నేనే" అంది శ్యామల. "పంపు గింపు ఏం లేదు. ఫోటో కోసం దింపిన."

ఇంద్రమ్మ తుడవడం ఆపలేదు. "ఎర్కే."

"ఎట్ల ఎర్క?"

"నీకు మొదటి బహుమతి ఒచ్చినప్పుడు పేపర్ల ఆ తడి బండ ఏసిండ్రు గదా. మూలకు చెయ్యి పడ్డది. చిటికెనేలుకు గోరు లేదు. సుత్తె తగిలి ఊడిన గోరు, నేనే గుడ్డ కట్టిన. నాకు తెల్వదా?"

"మరి ఒక్క మాటన్న అడగకపోతివి."

"అడుగుదామనే ఉండె. మస్తు కోపమొచ్చింది, నీ ముఖం చూడొద్దనుకున్న. సంకల పిల్లగాడు ఏడుస్తుంటే కోపం ఎంతసేపు మోస్త?" కళ్లజోడు శ్యామల చేతిలో పెట్టింది. "ఇగ పెట్టు."

బయటున్న ప్రవీణ్ లోపలికి వచ్చాడు. శ్యామల, ప్రవీణ్ ఇద్దరూ డబ్బాలు పెట్టుకున్నారు. అక్షర వానను నడిపింది.

అన్న అక్కడే ఉన్నాడు. వీపు మీద చొక్కా అతుక్కుపోయింది. శ్యామల అతనికి రెండడుగుల దూరం దాకా పోయి ఆగింది.

"అయిందానే శ్యామలా?" అన్నాడు కుమారస్వామి, తల తిప్పకుండా.

ఇన్నేళ్లూ ఆమె ఎన్నెన్ని ప్రశ్నలకు జవాబులు వెతుక్కుందో, అతనిది ఈ ఒక్కటే. డబ్బా లోపల కన్నీళ్లు నిండి గని మసకబారింది.

"అయిందన్నా. మంచిగొచ్చింది. ఇగ పైకి రా."

అతను చెయ్యి తీశాడు. తడి బండ మీద అరచెయ్యంత పొడి మచ్చ మిగిలి, మెల్లగా అదీ తడిసింది. అతను లారీలు దిగే దారి వైపు పోలేదు. ఎడమకు తిరిగి ముళ్లపొద వెనక్కు నడిచాడు. అక్కడ బండ పొరలు పొరలుగా విరిగి మెట్లలా ఉంది.

"అత్తా, గటు తొవ్వ ఉన్నదా?" అన్నాడు ప్రవీణ్.

"నాకు తెల్వదురా. ఎంబడి పో."

షెడ్డులో ప్రవీణ్ మోకాళ్లెత్తి అడుగులేస్తుంటే గోడకు గుద్దుకోకుండా ఎంకయ్య భుజం పట్టుకుని తిప్పాడు. పైకెక్కాక కుమారస్వామి ఆగి, నీళ్లు కారుతున్న ముఖం తువ్వాలతో తుడుచుకున్నాడు. కుర్రాణ్ణి నెత్తి నుంచి పాదాల దాకా చూశాడు. అతనికి ఇంకా పోయిననాటి ఇరవై ఆరేళ్లే. నువ్వెవరని అడగలేదు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, ఊరివైపు పోయాడు.

ఆ తర్వాత షెడ్డులో రోజూ వాన కురిసింది. కుమారస్వామి మళ్లీ రాలేదు. పీడ విరగడైందని శ్యామల ఊపిరి పీల్చుకోవాల్సింది, కానీ తూర్పు గోడ ఖాళీగా కనపడిన ప్రతిసారీ అన్న రెండోసారి పోయినట్టే ఏడుపొచ్చింది.

జులైలో నిజమైన వాన పట్టుకుంది. మూడో రోజు మధ్యాహ్నం ప్రవీణ్ ఫోన్ చేశాడు.

"అత్తా, లారీల తొవ్వ మొత్తం కూలింది. ఫికర్ చెయ్యకు, ఎనిమిది మందిమి పైకొచ్చినం."

పక్కనున్న ఇంద్రమ్మ ఫోన్ లాక్కుంది. "యాడికెల్లి ఎక్కిండ్రురా?"

"పొద ఎన్కకెల్లి. నాయిన ఎక్కిన తొవ్వనే."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మనిషిని పేరు పెట్టి చెప్పడమే తప్ప ప్రవీణ్ నాయిన అని అన్నది లేదు. ఇంద్రమ్మ ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ఇనవడ్తలేదురా" అంది. "ఎవలు ఎక్కిన తొవ్వ? మల్లొక్కసారి చెప్పు."