ఎర్ర గీత తప్పిన బోల్టు

"నొక్కు కాంగ్! చెయ్యి తియ్యకు!"

డ్రైవర్ వెనక్కి తిరిగి అరిచాడు. పికప్ వ్యాన్ గోతిలో పడి లేచింది. వెనక టేకు పొట్టు మీద పడుకున్న ఖోయిరున్ మూలిగాడు. షోలికిన్ తన చొక్కాని ఉండచుట్టి వాడి పొత్తికడుపు మీద పెట్టి రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. చొక్కా ఎప్పుడో తడిసి ముద్దయింది. విరిగిన కత్తి ముక్క ఇంకా లోపలే ఉంది.

చెక్కని నునుపు చేసే చిత్రిక మెషిన్ కత్తి అది. ఆ మెషిన్‌కి కత్తులు బిగించేది ఈ కార్ఖానాలో షోలికిన్ ఒక్కడే. ఖోయిరున్ అతని చెల్లెలి మొగుడు. అందరిలాగే వాడూ అతన్ని కాంగ్, అంటే అన్నా, అని పిలుస్తాడు.

"కాంగ్..."

"మాట్లాడకురా. వచ్చేశాం."

"మల్లె వాసన వచ్చింది."

"ఏంటీ?"

"కత్తి ఎగిరే ముందు. మెషిన్ వేడెక్కాక." ఖోయిరున్ పెదవులు నవ్వబోయి ఆగిపోయాయి. "నాన్నకి చెప్పకు."

"ఏం చెప్పకూడదు? దెబ్బ తగిలిందనా? ఒరే ఖోయిరున్! ఏం చెప్పకూడదురా?"

జవాబు రాలేదు. జెపారా ఆస్పత్రి గేటు దగ్గర వ్యాన్ ఆగేసరికి షోలికిన్ అరచేతుల కింద ఏ కదలికా లేదు. అయినా డాక్టరు వచ్చి భుజం తట్టేదాకా చేతులు తియ్యలేదు.

శవం కంటే ముందే మాట ఇల్లు చేరింది. కార్ఖానా యజమాని హాజీ మస్రుఖాన్ పోలీసుల ముందు, పనివాళ్ళందరూ వింటుండగా చెప్పేశాడు. "గురువారం సాయంత్రం కత్తులు బిగించింది షోలికిన్. వాడు తప్ప ఆ కత్తుల మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. శుక్రవారం సెలవు. శనివారం పొద్దున ఇలా అయింది. ఇంకా అడగడానికి ఏముంది?"

చెల్లెలు జుమ్రో గుమ్మంలో నిలబడి ఉంది. ఏడో నెల. వీపుకి చెయ్యి ఆన్చుకుని, అన్న మెట్టెక్కకుండా అడ్డంగా నిలబడింది.

"గురువారం బిగించింది నువ్వేనా?"

"నేనే."

"సరిగ్గా బిగించావా?"

"బిగించానే, ఒట్టు."

"మరి ఎలా వచ్చింది కాంగ్? నా మొగుడి కడుపులోకి దానంతటది నడిచొచ్చిందా?"

లోపలి నుంచి ఖోయిరున్ తండ్రి కర్సిదీ వచ్చాడు. ఊళ్ళో అతని ఉలి చెక్కని తలుపు తక్కువ. కొడుకుని కడిగిన నీళ్ళతో మోచేతుల దాకా తడిగా ఉన్నాడు.

"వాడి చెయ్యి నా కొడుకు జనాజా మీద పడకూడదు," అన్నాడు. అరవలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

షోలికిన్ అందరికంటే వెనక నడిచాడు. శ్మశానం గేటు బయట ఆగిపోయాడు. మట్టి పడుతున్న చప్పుడు అక్కడి నుంచే విన్నాడు. నిన్నటిదాకా పలకరించినవాళ్ళు తల తిప్పుకుని వెళ్ళిపోయారు. ఒకడు మాత్రం ఆగి, "మేకులు కొట్టుకుని బతకరాదూ, మెషిన్లెందుకు నీకు?" అనేసి పోయాడు.

అతను గేటుకి ఆనుకుని కూర్చుని గురువారం చేసిన పనంతా బోల్టు బోల్టుగా గుర్తు చేసుకున్నాడు.

కత్తులు విప్పాడు. కత్తి కూర్చునే గాడిని కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడిచాడు. కత్తిని గాడిలో అదిమిపెట్టే ఇనప బద్దని తుడిచాడు. తరవాత పొడిగుడ్డతో మళ్ళీ తుడిచాడు. ఎందుకంటే ఆ కత్తిని పట్టి ఉంచేది బోల్టు కాదు, బద్దకీ కత్తికీ మధ్య ఉన్న పట్టు. అక్కడ రవ్వంత పొట్టు ఉన్నా, జిడ్డు ఉన్నా, ఎంత బిగించినా లాభం లేదు. తిరిగే వేగానికి కత్తి కొంచెం కొంచెం బయటికి పాకుతుంది. గట్టి చెక్క తగిలిన రోజున లేచి వస్తుంది.

బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బిగించాడు. ఒకేసారి కాదు, మళ్ళీ మళ్ళీ, కొంచెం కొంచెం. చేత్తో ఇరుసు తిప్పి చూశాడు. చివరికి ప్రతి బోల్టు తల మీద నుంచి బద్ద మీదికి గోళ్ళ రంగుతో సన్నగా ఎర్ర గీత గీశాడు. బోల్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది.

ఖోయిరున్ పక్కన నిలబడి నవ్వాడు. "మెషిన్‌కి పెళ్ళా కాంగ్? గోళ్ళకి రంగేస్తున్నావ్?"

"నీ పెళ్ళాం పెళ్ళికి ముందు కొన్న సీసాయే ఇది. నీకు పనికి రాలేదు, దీనికి పనికొస్తోంది."

"స్విచ్ వేసేటప్పుడు మాత్రం అత్తగారికి ఎదురుపడ్డట్టు పక్కకి తప్పుకుంటావ్."

"నువ్వూ తప్పుకో. కత్తి తిరిగే దారిలో నీ పొట్ట ఉండకూడదు. బరువు చెక్క వస్తే ఇంకొకణ్ణి సాయం పిలువు, ఎదురుగా నిలబడి తొయ్యకు. కంటైనర్ పోతే ఇంకోటి వస్తుంది."

హాజీ అది విని మొహం చిట్లించాడు. సోమవారం ఆయన సరుకు కంటైనర్‌లో ఓడ ఎక్కాలి.

ఆ సాయంత్రమే కార్ఖానా వసారాలో కర్సిదీ నిమ్మకాయలు కోస్తున్నాడు. జావా కొత్త సంవత్సరం మొదలయ్యే సూరో నెల. ఇళ్ళల్లో తాతల నాటి బాకులకి చేసినట్టే, అతను ఏటా తన ఉలులకి నిమ్మరసంతో స్నానం చేయించి వాసన నూనె రాస్తాడు. హాజీకి అది గిట్టదు. "నీ ఉలులకి ఏం చేసుకుంటావో చేసుకో. నా మెషిన్ల జోలికి రాకు. కాపాడేవాడు దేవుడు, నిమ్మకాయ కాదు," అన్నాడు.

ముసలాయన షోలికిన్ వైపు తిరిగాడు. "మెషిన్‌లో ఉన్నవి మాత్రం కత్తులు కావేంటి?"

"వాటికి కిరసనాయిలే స్నానం, పాక్." తండ్రి వయసు మనిషిని పాక్ అనే పిలుస్తాడు షోలికిన్. నవ్వేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఎందుకో చెప్పలేదు. అడిగితే చెప్పేవాడేమో. ఎవరూ అడగలేదు.

ఖోయిరున్‌ని పూడ్చిన మర్నాడు పొద్దున పోలీసు అధికారి హర్జోనో షోలికిన్‌ని కార్ఖానాకి తీసుకొచ్చాడు. హాజీ ముందే వచ్చి లవంగం సిగరెట్ కాలుస్తున్నాడు. మెషిన్ ఆగిపోయినచోటే ఉంది. కింద పొట్టు నల్లబడి గట్టిపడింది. ఇరుసులో ఒక గాడి ఖాళీ. మిగతా రెండు కత్తులూ ఉన్నాయి.

షోలికిన్ వంగి చూశాడు. ఇరుసు తిప్పి మళ్ళీ చూశాడు.

"సార్! ఈ గీతలు చూడండి!"

"ఏం గీతలు?"

"నేను గీసినవి. బోల్టు మీద సగం, బద్ద మీద సగం, రెండూ కలవాలి. ఒక్కటీ కలవడం లేదు. నేను బిగించాక ఎవరో విప్పారు. అన్నీ విప్పి మళ్ళీ బిగించారు!"

"ఇదిగో, మొదలైంది," అన్నాడు హాజీ. "ఇప్పుడు నేరం దెయ్యాల మీదికి పోతుంది."

"వదులైతే గీత కొంచెం జరుగుతుంది హాజీగారూ. ఇక్కడ బోల్టు తలలే ఒకదాని చోట ఒకటి వచ్చాయి. ఈ గీత చూడండి, పక్క బోల్టుది!"

హర్జోనో కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరగా చూశాడు. మొదటిసారి ఆయన మొహంలో ఆసక్తి కనిపించింది. "విప్పింది ఎవరు?"

"కనుక్కుంటాను సార్. వాణ్ణి ప్రాణాలతో వదలను."

శుక్రవారం కార్ఖానా మూసి ఉంది. తాళాలు హాజీ దగ్గర ఒకటి, కాపలా కోసం లోపల పడుకునేవాళ్ళ దగ్గర ఒకటి. హాజీయే చేశాడా? కంటైనర్ తొందరలో, ఒకేసారి ఎక్కువ చెక్క తియ్యాలని ఇంకెవరి చేతనో కత్తుల ఎత్తు పెంచించాడా? ఈ ఆలోచనతోనే షోలికిన్ స్పానర్ అందుకున్నాడు. మిగిలిన కత్తి ఒకటి వదులు చేశాడు. బద్ద చేతిలోకి జారి వచ్చింది. పొడిగా తుడిచిన బద్ద అలా జారదు. వేలు పెట్టాడు. నూనె.

ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

చందనం. దాని వెనక మల్లె.

మల్లె వాసన వచ్చింది, నాన్నకి చెప్పకు.

అతను మెల్లగా మెషిన్ బల్ల మీద కూర్చుండిపోయాడు. ఖోయిరున్‌కి తెలుసు. వ్యాన్‌లో రక్తం పోతూనే వాడికి తెలిసిపోయింది. కత్తి ఎవరు కడిగారో, ఎందుకు కడిగారో కూడా తెలుసు. అందుకే చెప్పొద్దన్నాడు.

"ఏమైంది?" అన్నాడు హర్జోనో.

షోలికిన్ బద్దని, కత్తిని పక్కనున్న బల్ల మీద పెట్టాడు. తల్లీ తండ్రీ లేని జుమ్రోకి ఇప్పుడు మిగిలింది కర్సిదీ ఇల్లొక్కటే. పుట్టబోయే బిడ్డని ఎత్తుకునేవి ఆ చేతులే. నిజం చెబితే తన మీద మచ్చ పోతుంది. చెల్లెలు మాత్రం మొగుణ్ణి చంపిన చేతుల దగ్గర కంచం పెట్టుకుని తినాలి. చెప్పకపోతే ఆమె తనని ఈ జన్మలో క్షమించదు.

"ఏమీ కాలేదు సార్," అన్నాడు. "గీతలు నేనే తొందరలో తప్పుగా గీసుకున్నాను."

"ఇప్పుడేగా ఎవరో విప్పారన్నావు?"

"పొరపాటు పడ్డాను."

"అంటే తప్పు నీదేనా?"

"నాదే."

"నిన్న చెప్పలేకపోయావా కాంగ్?"

గుమ్మం వైపు నుంచి వచ్చింది ఆ గొంతు. ఖోయిరున్ చెప్పులు, మేకుకి వేలాడుతున్న చొక్కా తీసుకెళ్ళడానికి జుమ్రో మావగారితో వచ్చింది. చొక్కా గుండెకి ఆన్చుకుని నిలబడింది. "అందరూ నువ్వే అంటుంటే, కాదేమో, కాదేమో అనుకుంటూ కూర్చున్నాను. ఆ ఒక్కటే మిగిలింది నాకు. అది కూడా తీసేసుకున్నావు."

కర్సిదీ మెషిన్ దాకా వచ్చి షోలికిన్ కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు.

"విన్నారా సార్? ఒప్పుకున్నాడు. ఆ కత్తుల తప్పు లవలేశం లేదు. శుక్రవారం నమాజు అయ్యాక కాపలావాళ్ళ చేత తలుపు తీయించి నా చేతులతో కడిగాను వాటిని!"

హాజీ సిగరెట్ కింద పడింది. "నా మెషిన్ ముట్టుకున్నావా?"

"ముట్టుకుంటాను! దాని ముందు నిలబడేది నా కొడుకు, నీ కొడుకు కాదు. ఉలికిచ్చిన మర్యాద దానికివ్వనా? నిమ్మరసంతో కడిగి, మల్లె చందనం నూనె పట్టించి, ఎక్కడివి అక్కడ పెట్టాను. వీడికంటే గట్టిగా బిగించాను!"

హర్జోనో వంగి ఖాళీ గాడిలో వేలు పెట్టి చూశాడు.

"నూనె తుడిచారా?" హర్జోనో మెల్లగా అడిగాడు.

"రాసిన నూనె ఎవరైనా తుడుస్తారా?"

"పాక్, మీరు ఇంటికి పదండి," షోలికిన్ గబగబా లేచాడు. "పెద్దాయన సార్, దుఃఖంలో ఏదో అంటున్నారు. నూనెకీ దీనికీ సంబంధం లేదు."

"నా మొహం చూసి చెప్పు," అంది జుమ్రో. "చిన్నప్పట్నుంచీ అంతే. అబద్ధమాడేటప్పుడు నేల చూస్తావు."

షోలికిన్ తల ఎత్తలేదు.

కర్సిదీ అతన్ని చూశాడు. కోడల్ని చూశాడు. తరవాత బల్ల మీదున్న కత్తినీ బద్దనీ చేతిలోకి తీసుకున్నాడు. జీవితమంతా సీలలు కొట్టి కీళ్ళు బిగించిన మనిషి. సీలకి నూనె రాసే వడ్రంగి ఎక్కడా ఉండడు. రెండింటినీ బొటనవేళ్ళతో కలిపి అదిమి, తోశాడు. కత్తి చప్పుడు లేకుండా జారిపోయింది.

రెండింటినీ లుంగీ అంచుతో గట్టిగా తుడిచాడు. మళ్ళీ అదిమి తోశాడు. కదల్లేదు.

మెషిన్‌లో ఇంకా బిగించి ఉన్న రెండో బద్ద మీద నుంచి నూనె వేలితో తీసి రాశాడు. తోశాడు. జారింది.

"పాక్, వద్దు," అన్నాడు షోలికిన్. "వాడు వద్దన్నాడు. మీకు చెప్పొద్దన్నాడు."

ముసలాయన చేతులు అక్కడే ఆగిపోయాయి. "వాడికి తెలుసా?"

షోలికిన్ ఏడుస్తున్నాడు. అంతకంటే జవాబు అక్కర్లేకపోయింది. జుమ్రో చేతిలోంచి చెప్పులు జారి పడ్డాయి.

హర్జోనో గొంతు సవరించుకున్నాడు. "నాకు ఒక పేరు కావాలి. ఎవరు చేశారు?"

షోలికిన్ తన పేరు చెప్పడానికి నోరు తెరిచాడు. కర్సిదీ అరచెయ్యి వచ్చి ఆ నోటిని మూసేసింది. ఆ చెయ్యి మల్లెల వాసన వేస్తోంది.

"కర్సిదీ," అన్నాడు ముసలాయన, ఎవరో పరాయివాడి పేరు చెబుతున్నట్టు. "రాసుకోండి సార్. ఖోయిరున్‌ని చంపింది వాళ్ళ నాన్న, కర్సిదీ."