హారన్ కొట్టకూడని పెళ్ళికారు

మా కొత్త కారు పెట్రోలుతోనూ నడుస్తుంది, ఫోనులా ప్లగ్గుకి పెడితే కరెంటుతోనూ నడుస్తుంది. ఛార్జి ఉన్నంతసేపూ ఇంజను నోరెత్తదు. ఈ గొప్ప వినని మనిషి అనకాపల్లిలో మిగలకుండా వారం రోజులు ఊదరగొట్టాను. విసుగెత్తి మా ఆవిడ, "అంత మంచి బండైతే మా తమ్ముణ్ణి పెళ్ళికి అందులోనే తీసుకెల్లండి" అంది. ఎగిరి గంతేశాను.

పెళ్ళి కొండకర్లలో. కారులో నేను, పెళ్ళికొడుకు చిన్నబాబు, వాళ్ళ నాన్న, అంటే మా మామ నూకరాజు. మా ఆవిడా, మిగతా చుట్టాలూ బస్సులో. ఆ బస్సు టీ కోసం మునగపాకలో ఆగిపోయింది. మేము ముందే చేరాం. చేరినట్టు ఎవరికీ తెలియలేదు.

మగపెళ్ళివారు ఊరి మొదట్లో ఆగాలి. ఆడపెళ్ళివారు బాజాలతో, హారతితో ఎదురొచ్చి పిలిస్తేనే దిగాలి. రోడ్డుకి కుడిపక్క కొబ్బరిచెట్ల మధ్య పందిరి కనిపిస్తూనే ఉంది. బండి చప్పుడు వినబడితే లేద్దామని బాజావాళ్ళు మాకు వీపు పెట్టి తాపీగా ఇడ్లీలు తింటున్నారు. పాపం, వాళ్ళ తప్పేముంది!

"బావా, హారన్ కొట్టు" అన్నాడు చిన్నబాబు.

"కొట్టేవంటే ఊరుకోను" అన్నాడు మామ. "హారన్ కొట్టి పిలిపించుకుంటామేటి? మగపెళ్ళోళ్ళం!"

"పోనీ ఫోన్ సేత్తాను, నాన్నా."

"అదీ అంతే. అడుక్కున్నట్టుంటాది."

ఛార్జి అయిపోతే పెట్రోలు ఇంజను మోగుతుంది కదా అని ఏసీ పూర్తిగా పెట్టాను. లైట్లన్నీ వెలిగించాను. ఎండలో వైపర్లు తిప్పాను. పక్కన మేస్తున్న గేదె కూడా మా వైపు చూడలేదు. నా పాత కారే ఉంటే, కశింకోటలో బయల్దేరినా ఇక్కడికి వినిపించేది! దాన్ని అమ్మేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మామ ముఖం జేవురించింది. "మనవంటే లెక్కేనేదు ఈళ్ళకి. తిప్పు బండి. ఈ సంబంధం నాకొద్దు."

"నాన్నా! నాను ధనశ్రీని తప్ప ఎవుర్నీ సేసుకోను!" అని అరిచాడు చిన్నబాబు.

"నోర్ముయ్. అల్లుడూ, తిప్పమన్నాను."

పెళ్ళి ఆగిపోతే మా ఆవిడ ముందు నన్ను కాలుస్తుంది, తర్వాత కారుని. అయినా మామ మాట కాదనే ధైర్యం లేదు. ఎడమకి తిప్పాను. రోడ్డు ఇరుకు, కారు సగం తిరిగేసరికి ముందు కాలవ, వెనక పందిరి. రివర్స్ గేరు వేశాను. కొత్త బండిని వెనక్కి నడిపితే అశుభమని అప్పటిదాకా మా ఆవిడ ఆ గేరు వేయనివ్వలేదు.

టింగ్! టింగ్! టింగ్!

రివర్సులో వెనకున్న జనం తప్పుకోడానికి కంపెనీవాళ్ళు పెట్టిన చప్పుడు. కొండకర్లంతా మోగిపోయింది.

బాజావాళ్ళు ఇడ్లీలు వదిలేసి లేచారు. సన్నాయి మొదలైంది. పెళ్ళికూతురి తల్లి పళ్ళెం పట్టుకుని పరుగున వచ్చి, ముందుగా ఎదురైన డిక్కీకి హారతి ఇచ్చేసింది.

"సూసేవా! ఎలాగ పరిగెత్తుకొత్తన్నారో!" మామ మీసం దువ్వుకున్నాడు.

"ఉండండి మావా, ముందువైపు తిప్పి తెస్తాను" అంటూ బ్రేకు మీద కాలు వేశాను.

చిన్నబాబు నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు మాత్రం బండి వెనక ఏముందో చూపించే స్క్రీను మీదే ఉన్నాయి. అందులో, హారతి పళ్ళేనికి వెనకాల, పందిరి గుంజ పట్టుకుని ధనశ్రీ పడీ పడీ నవ్వుతోంది.

"ఆపకు బావా" అన్నాడు. "ఇలాగే లోపలికెల్లిపోదాం."